వేర్పాటు షరతులు – అనంతపురము అనుభవము

ఉర్దూలో గణితము నేర్చిన మన విద్యార్థులకు 'తక్సీమ్' అను మాట సుపరిచితమే. లెక్కల పుస్తకములో దానికి భాగహారమని అర్థము. చరిత్ర పుస్తకము తెరచినచో అదే మాట దేశ విభజన అగును. తెలుగులో ఈ రెంటికిని వేర్వేరు మాటలున్నవి. అంతేకాక, అన్నదమ్ములు ఆస్తి పంచుకొనునప్పుడు పెద్దమనుషుల యెదుట వ్రాసికొను కాగితమునకు 'భాగపరిష్కారము' అను మూడవ మాట కూడ కలదు. సభలలోను, ఊరేగింపులలోను మ్రోగునది విభజన అను మాట. నేను ఇచ్చట వ్రాయదలచినది భాగపరిష్కారమును గూర్చి. ఒక రాష్ట్రము గాని, ఒక దేశము గాని తానున్న కూటమి నుండి విడివడు సమయములో, విడిపోవలెనా కూడదా అను ఒక్క ప్రశ్న చుట్టును జనులు మూగెదరు. ఏ షరతులపై విడిపోవలెను, ఉమ్మడి సొత్తులో ఏది ఎవరిది, ఆ లెక్కను ఎవరు చూచెదరు, ఒకరు మాట తప్పినచో రెండవవారు ఎవరి తలుపు తట్టవలెను అని అడుగువారు తక్కువ. ఆ ప్రశ్నలు అడుగబడనందువలన కలుగు నష్టము సామాన్యముగా అంచున ఉన్న ప్రాంతము మీదనే పడును. మన అనంతపురము అట్టి అంచు.

దూరపు కొండలు నునుపు అందురు. ఇప్పుడు నేను చెప్పబోవు కొండ మాత్రము దూరమునుండియు గరుకుగానే కనబడును. 1973 జనవరి 1న బ్రిటన్ దేశము అప్పటి యూరోపియన్ ఆర్థిక సముదాయములో చేరినది. 1975లో ప్రజల అభిప్రాయము అడుగగా నూటికి 67 మంది అందులోనే ఉండుదమన్నారు. నలుబది యేండ్ల తరువాత, తన పార్టీలోని తగవును తీర్చుకొనుటకై ప్రధాని డేవిడ్ కామెరాన్ అదే ప్రశ్నను మరల ప్రజల ముందుంచినాడు. 2016 జూన్ 23న నూటికి 51.9 మంది వెళ్ళిపోదమనిరి, 48.1 మంది ఉండుదమనిరి. అంతకు వారము రోజుల ముందు, ఉండవలెనను పక్షమున ప్రచారము చేయుచుండిన జో కాక్స్ అను పార్లమెంటు సభ్యురాలు నడివీధిలో హత్య చేయబడినది. ఆ నాటి ఓటు కాగితము మీద రెండే గడులుండినవి, ఉండుటకొకటి, పోవుటకొకటి. పోయిన తరువాత యూరపుతో వ్యాపారమెట్లు, సరిహద్దు ఎచ్చట, అచ్చట స్థిరపడిన మనవారి గతి ఏమి అను వాటికి గడి లేదు.

ఆ లేని గడి కొరకే తరువాతి మూడున్నర సంవత్సరములు గడచినవి. కామెరాన్ రాజీనామా చేసి తప్పుకొన్నాడు. ఆయన తరువాత వచ్చిన థెరీసా మే 2017 మార్చి 29న, ఐరోపా సమాఖ్య ఒప్పందములోని 50వ అధికరణము ననుసరించి నోటీసు ఇచ్చినది. ఆమె తెచ్చిన ఒడంబడికను 2019 జనవరి 15న కామన్స్ సభ 432–202 ఓట్లతో త్రోసివైచినది. మార్చిలో మరి రెండు మార్లు త్రోసివైచినది. అప్పుడు సభ్యులే పగ్గములు చేతబట్టి, పోనిండు, మాకు కావలసినదేమో మేమే తేల్చెదమని మార్చి 27న ఎనిమిది మార్గములను ఓటుకు పెట్టినారు. ఎనిమిదింటిలో ఒక్కదానికైనను మెజారిటీ రాలేదు. ప్రపంచ పార్లమెంటులకు తల్లి అని మన పౌరశాస్త్ర పుస్తకములు పొగడిన ఆ సభకు, తనకు వద్దనునది తెలిసినది గాని, కావలసినది తెలియలేదు. తరువాత బోరిస్ జాన్సన్ సభను కొన్ని వారములు మూసివేయించగా, అది చట్టవిరుద్ధమని 2019 సెప్టెంబరు 24న ఆ దేశపు సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. డిసెంబరు ఎన్నికలు గెలిచి 2020 జనవరి 31న ఆయన దేశమును బయటికి తెచ్చినాడు.

ఇంతటి గందరగోళమునకు ముడి ఎచ్చట పడినదో గమనింపుడు. లండనులో పడలేదు. ఉత్తర ఐర్లండుకును, ఐర్లండు రిపబ్లికునకును నడుమ సుమారు 500 కిలోమీటర్ల సరిహద్దు కలదు. దశాబ్దముల రక్తపాతము తరువాత 1998 శాంతి ఒప్పందముతో అచ్చటి కావలి చౌకీలు మాయమైనవి. బ్రిటన్ వెలుపలికి వచ్చినచో ఆ గీత మీద మరల సుంకపు చౌకీ వెలయును. చౌకీ వెలసినచో పాత గాయము రేగును. ఉత్తర ఐర్లండు ప్రజలు నూటికి 55.8 మంది ఉండుదమనియే చెప్పినారు. స్కాట్లండులో 62 మంది అట్లే చెప్పినారు. వారి మాట నెగ్గలేదు. కట్టకడపట భూమి మీద గీయలేని గీతను ఐరిష్ సముద్రములో గీచి, ఒకే దేశములోని రెండు రేవుల నడుమ సరకుల తనిఖీ పెట్టినారు. ఆ ఏర్పాటును 2023లో మరల సవరించుకొనవలసి వచ్చినది. నిర్ణయము ఇంగ్లండు ఊళ్ళలో జరిగినది, ఖర్చు బెల్‌ఫాస్టు వ్రాసికొన్నది.

ఈ కథను చదివినప్పుడు నాకు మన జిల్లా స్ఫురించుటలో వింత లేదు. మన పీఠభూమి రెండు శతాబ్దములుగా ఒక కూటమి నుండి మరియొక కూటమికి మారుచునే యున్నది. 1800లో నిజాము, తన రక్షణకు ఉంచుకొన్న ఇంగ్లీషు సైన్యపు ఖర్చు క్రింద, ఈ ప్రాంతమును ఈస్టిండియా కంపెనీకి వదలివేసినాడు. ఇచ్చటి రైతును ఎవరును అడుగలేదు, అట్లడుగు ఆచారము ఆ కాలమున లేదు. ఇచ్చివేయబడిన నేల గనుక 'దత్తమండలములు' అను పేరు మిగిలినది. ఒక ప్రాంతమునకు దాని చరిత్రను బట్టి గాక, దానిని చేతులు మార్చిన దస్తావేజును బట్టి పేరు రావటము ఎంత చిన్నతనము! 1928లో నంద్యాల సభలో ఆ పేరును తీసివేసి 'రాయలసీమ' అను పేరు సూచించినవారు చిలుకూరి నారాయణరావు గారు. ఆయన మన అనంతపురము దత్తమండల కళాశాలలో తెలుగు పండితులు. ఖురానును తెలుగులోనికి అనువదించినవారు కూడ ఆయనయే. రెండు భాషల నీడలో చదువుకొనుచున్న మన విద్యార్థులలో ఎందరికి ఈ సంగతి తెలియునో!

పేరు మారిన తొమ్మిదేండ్లకు షరతుల సంగతి వచ్చినది. మద్రాసు రాష్ట్రము నుండి ఆంధ్రులు విడిపోవలెనని కోస్తా నాయకులు తహతహపడుచుండగా, సీమ నాయకులు తొందరపడలేదు. విడిపోయిన తరువాత మాకేమి అని అడిగినారు. ఆ అడుగుటయే 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగులో ఒడంబడిక అయినది. మన జిల్లా నుండి కల్లూరు సుబ్బారావు, పప్పూరు రామాచార్యులు గారలు అందులో పాల్గొన్నారు. విశ్వవిద్యాలయమునకు అనంతపురములో ఒక కేంద్రము. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీటిలో పదేండ్లో, అవసరమైనచో అంతకు మించియో సీమకును నెల్లూరికిని మొదటి హక్కు. రాజధాని, హైకోర్టు ఈ రెంటిలో కోరుకొను హక్కు సీమది. ఇవి అందులోని ముఖ్యమైన మాటలు. నా యెరుకలో మన ప్రాంతము తన భాగపరిష్కారమును గూర్చి ముందుగా ఆలోచించిన సందర్భము ఇది యొక్కటే. దాని లోపము ఒకటే. అది పెద్దమనుషుల మధ్య మాట, చట్టము కాదు. తప్పినవానిని నిలబెట్టి అడుగు న్యాయస్థానము దానికి లేదు.

ఫలితము ఎట్లుండినదో చూడుడు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడి కర్నూలు రాజధాని అయినది, హైకోర్టు గుంటూరునకు పోయినది. మూడేండ్లు నిండి నెల తిరుగగానే, 1956 నవంబరు 1న, రాజధానియు హైకోర్టును హైదరాబాదు చేరినవి. అనంతపురమునకు చెప్పిన విశ్వవిద్యాలయము 1968లో తిరుపతి విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రముగా మొదలై, 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయముగా నిలిచినది. మాటకును నెరవేర్పునకును నడుమ 44 సంవత్సరములు! హైకోర్టు సంగతి 2020లో మూడు రాజధానుల చట్టముతో మరల లేచి, కర్నూలు న్యాయ రాజధాని యని ప్రకటింపబడి, 2021 నవంబరులో ఆ చట్టము ఉపసంహరింపబడుటతో మరల పండుకొన్నది.

అయితే 1953 నాటి వేర్పాటులో మనకు మేలు చేసిన షరతు ఒకటి కలదు. దానిని గూర్చి కొంత విపులముగా వ్రాయుట అవసరము, ఏలయనగా ఊరేగింపులు ఎరుగనిది అదియే. ఆ సంవత్సరము బళ్ళారి జిల్లా మూడు ముక్కలైనది. 1882 వరకు అనంతపురము బళ్ళారి జిల్లాలోని భాగమే; గుంతకల్లు, ఉరవకొండ వారికి ఆ పట్టణము ఎన్నడును పరాయిది కాదు. జస్టిస్ మిశ్రా నివేదిక పిమ్మట బళ్ళారి తాలూకా మైసూరునకు పోయినది. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలోను, రాయదుర్గము మన జిల్లాలోను చేరినవి. బళ్ళారి కొరకు ఆనాడు ఇరువైపుల కారిన కన్నీరు ఇంతంత కాదు. కాని మన పొలములకు సంబంధించిన ప్రశ్న వేరు. హోసపేట వద్ద అప్పుడే సిద్ధమైన తుంగభద్ర ఆనకట్ట మైసూరు నేల మీద పడినది. తూములు వారి చేతిలో, కాలువ చివర మన చేతిలో. ఇట్టి స్థితిలో నోటిమాటల ఒప్పందము వ్రాసికొనియుండినచో మన ఎగువ కాలువ ఏనాడో ఇసుకదిబ్బ అయియుండెడిది.

ఆ పని చేయలేదు. 1953 ఆంధ్రరాష్ట్ర చట్టపు 66వ సెక్షను క్రింద తుంగభద్ర బోర్డు ఏర్పడినది. దానికి అధ్యక్షుని కేంద్రము నియమించును, రాష్ట్రముల ప్రతినిధులు సభ్యులుగా ఉందురు. ఆనకట్టయు, ఉమ్మడి కాలువలును ఆ బోర్డు అధీనము. బచావత్ ట్రిబ్యునలు మన రాష్ట్రపు ఎగువ కాలువకు 32.5 టి.ఎం.సి.ల నీరు కేటాయించినది. పూర్వము సుమారు 133 టి.ఎం.సి.లు పట్టిన ఆ జలాశయము పూడిక పేరుకొని నేడు సుమారు 105కు దిగినది. అందుచేత ప్రతి సంవత్సరము బోర్డు కూర్చుండి, ఉన్న నీటిని వంతుల ప్రకారము తగ్గించి పంచును. మనకు రావలసినంత నీరు ఎన్నడును రాలేదు, కాలువ పొడవునను నీటి చౌర్యము ఉండనే ఉన్నది. ఐనను, కొరతను కూడ లెక్క ప్రకారము పంచు ఒక బల్ల ఉన్నది. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయినప్పుడు, రెండు రాష్ట్రముల ఇంజనీర్లును బోర్డు వారును కలసి, పారుచున్న నీటిలోనే వారము రోజులలో తాత్కాలికపు పలకలు దించి నీటిని నిలిపినారు. ఇది ఎవరి గేటు అను వాదమునకు అచ్చట తావు లేకపోయినది. 70 సంవత్సరముల క్రిందట ఎవరో ఒక గుమాస్తా శ్రద్ధగా వ్రాసిన వాక్యములు ఆ రాత్రి పనికివచ్చినవని నా ఊహ.

2014 నాటి విభజనతో దీనిని పోల్చి చూడవలెను. దానికి ముందు ఒక చేదు నిజము చెప్పక తప్పదు. తెలంగాణ వారి ఆగ్రహము ఆకాశము నుండి ఊడిపడలేదు. 1956 ఫిబ్రవరి 20న వారితోను ఒక పెద్దమనుషుల ఒప్పందము జరిగినది. ముఖ్యమంత్రి ఒక ప్రాంతమువాడైనచో ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడు కావలెననునది అందులోని షరతు. తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి గారు మన జిల్లా ఇల్లూరు వారు, ఆ ఒప్పందము మీద సంతకము చేసినవారిలో ఒకరు. ఆయన తొలి మంత్రివర్గములో ఉపముఖ్యమంత్రి పదవియే లేకపోయినది. శ్రీబాగు మాట తప్పినారని కోస్తా వారిని నిందించు మనము, ఈ మాట తప్పినది ఎవరో కూడ గుర్తుంచుకొనవలెను. 1969లో తెలంగాణలో చెలరేగిన ఉద్యమమునకును, ఆ తరువాత జరిగిన దానికంతటికిని విత్తనము అచ్చట పడినది.

2009 డిసెంబరు 9 ప్రకటన వెలువడిన నాటి నుండి అనంతపురము సమైక్యాంధ్ర ఉద్యమమునకు ఒక ముఖ్య కేంద్రమైనది. 2013 జూలై 30న కాంగ్రెసు కార్యవర్గము తెలంగాణ ఏర్పాటుకు తీర్మానించగా, ఆగస్టు నడుమ నుండి ఉద్యోగులు రెండు నెలలకు పైగా సమ్మె చేసినారు. బస్సులు నిలిచినవి, పాఠశాలలు మూతపడినవి, కచేరీలు తెరువలేదు. వేరుసెనగ రైతు వాన కొరకు ఒక కన్ను, బ్యాంకు తలుపు కొరకు ఒక కన్ను పెట్టుకొని కూర్చుండినాడు. ఆ ఉద్యమములోని త్యాగమును నేను తక్కువ చేయను. కాని ఆ రెండు నెలలలో 'సమైక్యము' అను ఒక్క మాట తప్ప, సమైక్యము సాధ్యము కానిచో మాకు కావలసినది ఇది అను రెండవ మాట గట్టిగా వినబడలేదు. రెండవ మాట ఎత్తువానిని ద్రోహి అన్నారు. మొదటిది పోయిన రోజున మన చేతిలో ఒక కాగితము కూడ లేదు. శ్రీబాగు నాటి పెద్దలకు ఉండిన లోకజ్ఞానము, మైక్రోఫోనులున్న మనకు లేకపోయినది.

రాజ్యాంగమును చదివినవారికి ఆ ఫలితము ఊహింపరానిది కాదు. 3వ అధికరణము ప్రకారము రాష్ట్రపు హద్దులు మార్చు అధికారము పార్లమెంటుది. శాసనసభ అభిప్రాయము అడుగవలెను గాని, అంగీకారము అక్కరలేదు. 2014 జనవరి 30న రాష్ట్ర శాసనసభ బిల్లును తిరస్కరించినది. ఫిబ్రవరి 13న లోక్‌సభలో మిరియాల పొడి చల్లిన వింతను దేశమంతయు చూచినది. 18న తలుపులు మూసి, ప్రత్యక్ష ప్రసారము ఆగిపోగా బిల్లు నెగ్గినది. బ్రిటన్‌లో షరతులను గూర్చి మూడేండ్లు వాదించి తేల్చుకొనలేకపోయిరి. ఇచ్చట వాదించుటకు వ్యవధియే చిక్కలేదు. రెండు దారులును ఒక్క చోటికే చేరినవి.

ఆ దినములలో మన జిల్లాకు జరిగిన అవమానము ఒకటి చెప్పవలెను. 2013 డిసెంబరు మొదటి వారములో, అనంతపురము, కర్నూలు జిల్లాలను తెలంగాణలో కలిపి 'రాయల తెలంగాణ' చేయుదమను ఆలోచన ఢిల్లీలో తీవ్రముగా నడచినది. 2010లో శ్రీకృష్ణ కమిటీ పేర్కొన్న ఆరు మార్గములలో, సీమనంతయు తెలంగాణతో కలుపు మార్గము ఒకటి. సమైక్యము వీలుకానిచో అదే మేలని మజ్లిస్ పార్టీ వాదించినది. అట్టి రాష్ట్రములో ముస్లిముల సంఖ్యాబలము మెరుగుగా ఉండునని వారి లెక్క. మన కళాశాలలోను ఆ వాదమును మెచ్చినవారు, మెచ్చనివారు ఉందురు. నా మట్టుకు నాకు, ఓట్ల లెక్కకై రెండు జిల్లాలను సీమ దేహము నుండి కోయుట సబబుగా తోచలేదు. కాని నా అభిప్రాయమునకన్న ముఖ్యమైన సంగతి మరియొకటి. డిసెంబరు 5న కేంద్ర మంత్రివర్గము పది జిల్లాల తెలంగాణకే ఆమోదము తెలిపినది. లక్షల జనము గల రెండు జిల్లాలు కొద్ది దినములలో ఒక పటములోనికి ఎక్కినవి, దిగినవి. ఎక్కించునప్పుడును దించునప్పుడును మనలను ఎవరును అడుగలేదు. 1800కును 2013కును నడుమ మనకు ఓటు హక్కు వచ్చినది గదా!

ఇక చట్టము సంగతి. 108 సెక్షనులు, 13 షెడ్యూళ్ళు గల ఆ పునర్వ్యవస్థీకరణ చట్టములో సీమను పూర్తిగా మరువలేదు. 46వ సెక్షనులో వెనుకబడిన ప్రాంతముల ప్రస్తావన కలదు. 11వ షెడ్యూలులో హంద్రీ–నీవా, గాలేరు–నగరి మొదలగు పథకములను పూర్తి చేయవలెనని ఉన్నది. ప్రత్యేక హోదా మాత్రము 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని నోటి నుండి వచ్చిన మాటగానే మిగిలినది, చట్టములోనికి ఎక్కలేదు. బుందేల్‌ఖండ్ తరహా ప్యాకేజీ అన్నది, ఏడు వెనుకబడిన జిల్లాలకు జిల్లాకు సాలుకు 50 కోట్ల రూపాయల చొప్పున కొన్ని విడతలుగా కుదించుకొనిపోయినది. శ్రీబాగు కాలపు జబ్బే మరల!

నీటి విషయములో నష్టము మరింత లోతు. హంద్రీ–నీవా శ్రీశైలము వెనుక నీటి నుండి 40 టి.ఎం.సి.లు ఎత్తిపోయుటకు తలపెట్టిన పథకము. నాలుగు సీమ జిల్లాలలో సుమారు 6 లక్షల ఎకరములు దాని లక్ష్యము, అందులో సగమునకు పైగా ఉమ్మడి అనంతపురము జిల్లావే. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడు మన నేలకు అది ప్రాణము. కాని అది నిలిచినది మిగులు జలముల మీద, అనగా హక్కుగా కేటాయింపు లేని నీటి మీద. అట్టి నీటిని కాపాడుటకు తుంగభద్ర బోర్డు వంటి సత్తా గల సంస్థ కావలెను. 85వ సెక్షను క్రింద కృష్ణా బోర్డు అయితే పుట్టినది. దాని చేతికి తాళపుచెవులు రాలేదు. కార్యాలయము ఆంధ్రప్రదేశ్‌లో ఉండవలెనని చట్టము చెప్పగా, ఏండ్ల తరబడి హైదరాబాదులోనే పనిచేసినది. దానిని కర్నూలులో పెట్టుమని సీమ అడిగిన అడుగు అరణ్యరోదనమైనది. 2015లో ఆ యేటి మట్టుకని వ్రాసికొన్న 512–299 టి.ఎం.సి.ల పంపకము ఏటేటా పొడిగింపబడినది. 2021 జూలైలో కేంద్రము బోర్డు పరిధిని నోటిఫై చేసినను, రాష్ట్రములు ప్రాజెక్టులను అప్పగింపలేదు. 2023 నవంబరు చివర, తెలంగాణ ఎన్నికల వేళ, నాగార్జునసాగరము ఆనకట్ట మీద ఇరు రాష్ట్రముల పోలీసులు ఎదురెదురుగా నిలిచినారు. తుంగభద్ర మీద ఇంజనీర్లు కలసినారు, కృష్ణ మీద పోలీసులు కలసినారు. 1953 చట్టమునకును 2014 చట్టమునకును గల తేడా అంతయు ఆ రెండు దృశ్యములలో ఉన్నది.

మన కళాశాలకు ప్రత్యేకముగా తగిలిన దెబ్బను పత్రికలు అంతగా పట్టించుకొనలేదు. తెలుగు చదువు విద్యార్థికి తిరుపతి, విజయవాడ, విశాఖ ఉన్నవి. ఉర్దూ చదువు విద్యార్థికి చాలకాలము హైదరాబాదు ఒక్కటే దిక్కు. 1918 నుండి ఉర్దూలో ఉన్నత విద్య గరపిన ఉస్మానియా అచ్చట, సియాసత్ వంటి దినపత్రికలు అచ్చట, ముద్రణాలయములు, ముషాయిరాలు, పాత పుస్తకముల అంగళ్ళు అచ్చట. అనంతపురము ఉర్దూ విద్యార్థికి 2014లో కేవలము రాజధాని పోలేదు, తన భాషకు గల నగరము పొరుగు రాష్ట్రమునకు పోయినది. 95వ సెక్షను విద్యాసంస్థలలో పాత ప్రవేశ కోటాలను పదేండ్లకు మించకుండ కాపాడినది. 2024 జూన్ 2తో ఆ గడువు తీరినది, ఉమ్మడి రాజధాని గడువును అదే రోజున తీరినది. అటు పిమ్మట తెలంగాణ తన ప్రవేశ నియమములను తిరిగి వ్రాసికొన్నది. వారిని తప్పుపట్టుటకు వీలు లేదు, గడువు వ్రాసినది చట్టమే. పదేండ్లలో ఇవతల ఏమి కట్టుకొన్నామనునదే ప్రశ్న. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయము వెలసినది. 2022లో ఉర్దూ రాష్ట్రమంతటికి రెండవ అధికార భాష అయినది. ఇవి మంచి పనులే. విశ్వవిద్యాలయమునకు పెద్ద గ్రంథాలయము, చాలినంతమంది అధ్యాపకులు, అధికార భాష హోదాకు కచేరీలలో ఉర్దూ చదువగల ఉద్యోగులు సమకూరినప్పుడు గాని వీటి మాట నిజము కాదు. ఒక సంగతి మాత్రము గమనింపదగినది. 1998లో హైదరాబాదులో నెలకొన్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము కేంద్రపుది గనుక విభజన కత్తి దానికి తగులలేదు, మన విద్యార్థికి దాని తలుపు మూతపడలేదు. బ్రిటన్ విద్యార్థుల స్థితి ఇంతకన్న హీనమైనది. సమాఖ్య వదలుటతో పాటు, ఐరోపా విశ్వవిద్యాలయములలో చదువుకొను అవకాశమిచ్చు ఎరాస్మస్ పథకము నుండి కూడ 2021లో వారి దేశము బయటపడినది.

ఇట్టి తక్సీములు ముగిసినవని అనుకొనరాదు. 2022 ఏప్రిల్ 4న మన జిల్లాయే రెండైనది, పుట్టపర్తి కేంద్రముగా శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడినది. కేంద్రము తమకే కావలెనని హిందూపురము వీధులకెక్కినది. ఆ కలకలములోను జిల్లా కేంద్రము ఎచ్చట అను ప్రశ్నయే మ్రోగినది. ఉమ్మడి జిల్లాకు లెక్కగట్టిన కాలువల నీరు రెండు జిల్లాల నడుమ ఎట్లు పంచవలెను, దానికి బల్ల ఏది అని అడిగినవారు కనబడలేదు.

నినాదముల వేడిలో షరతులను గూర్చి మాటలాడుట పిరికితనమని యువకులు కొందరు అందురు. భావావేశము లేనిదే ఏ ఉద్యమమును కదలదు, నిజమే. 1952లో పొట్టి శ్రీరాములు గారు ప్రాణమిచ్చినందుననే ఆంధ్రరాష్ట్రము వచ్చినది. కాని ఆ ప్రాణత్యాగము రాష్ట్రమును తెచ్చినది, మన కాలువకు నీరు తెచ్చినది 66వ సెక్షను. ఆ రెండు పనులకు రెండు రకముల మనుష్యులు కావలెను. మొదటి రకమువారు మన జిల్లాలో కొదువ లేరు.

అందుచేత కళాశాల కమిటీ వారికి ఒక మనవి. మన గ్రంథాలయములో శ్రీబాగు ఒడంబడిక, 1956 ఒప్పందము, 1953, 2014 చట్టములు, తుంగభద్ర, కృష్ణా బోర్డుల వార్షిక నివేదికలు ఒక్క బీరువాలో ఉంచవలెను. ఇంగ్లీషులో ఉన్నవానిలో మన జిల్లాకు సంబంధించిన భాగములను రాజనీతి, తెలుగు, ఉర్దూ శాఖల విద్యార్థులు కలసి రెండు భాషలలోనికి మార్చవలెను. వక్తృత్వపు పోటీలకు ఏటేటా ఇచ్చు 'సమైక్యమా, వేర్పాటా' వంటి విషయములకు బదులు, ఈ సాలుకు ఒక్కసారి, హంద్రీ–నీవా నీటికి చట్టబద్ధమైన కేటాయింపు కోరుచు కృష్ణా ట్రిబ్యునలుకు ఒక విజ్ఞాపన పత్రము వ్రాయు పోటీ పెట్టవలెను. దానికి 11వ షెడ్యూలును, 85వ సెక్షనును ముందుగా చదువుకొనిన చాలును. రెండును కలిపి కొద్ది పుటలకు మించవు.